జింజూ లోయ వరిమళ్ళు

జపానుదేశమున తొయామా మండలము గుండ జింజూ అను నది ప్రవహించి సముద్రమున కలియుచున్నది. దిగువ పల్లెలవారు ఆ నీటినే కాలువలకు మళ్ళించి వరి పండించుకొనుచుండిరి. ఎగువ కొండలలో కమియోకా గని యుండెను. అది 2001లో మూతపడినది. అందు పూర్వము వెండి, సీసము తీసెడివారు. 20వ శతాబ్దిలో మిత్సుయి కంపెనీ తుత్తునాగమును పెద్దయెత్తున తీయసాగినది.

తుత్తునాగపు ఖనిజములో కాడ్మియము అను లోహము కొద్దిగా కలిసియే యుండును. ఖనిజమును నూరి కడుగగా మిగిలిన బురద నదిపాలైనది. నది దానిని సముద్రమునకు కొట్టుకొనిపోవును గదా యని తోచవచ్చును. కాని నీరు మడిలో నిలువగానే ఆ సన్నని ఒండ్రు మట్టిలో దిగిపోయినది. నీరు తొలుత చొచ్చు మడవ దగ్గర లోహము హెచ్చుగా నుండుట తరువాతి పరీక్షలలో తేలినది.

మడిలో నీరున్నంతకాలము మట్టికి గాలి సోకదు. కాడ్మియము గంధకముతో కూడి కరుగక పడియుండును. మడి ఆరగట్టినపుడు గాలి సోకి కరుగు రూపము పొందును. సరిగా గింజ గట్టిపడు దినములలోనే వేళ్ళు దానిని పీల్చుకొనును. మడి ఆరగట్టుట మన రైతులకును వాడుకయే కనుక ఈ సంగతి విద్యార్థులకు సులభముగా బోధపడగలదు.

ఆ బియ్యమును ఏండ్ల తరబడి తిన్నవారి మూత్రపిండములు చెడి, ఎముకలు మెత్తబడినవి. రోగులలో అత్యధికులు బిడ్డలను కన్న, నడివయస్సు దాటిన స్త్రీలు. దగ్గినను ఎముక విరుగుచుండెను. "ఇతాయి, ఇతాయి" అను వారి మూలుగే వ్యాధికి పేరైనది. "అబ్బా, నొప్పి" అని దాని యర్థము. తిండి చాలకపోవుటయే కారణమని కొందరు తలచిరి. హగినో నొబొరు అను స్థానిక వైద్యునికి మాత్రము గనిపై అనుమానము కలిగెను. 1961లో ఆయన, యోషియోకా అను శాస్త్రజ్ఞునితో కలిసి, కాడ్మియమే కారణమని ప్రకటించెను. ప్రభుత్వము దానిని అంగీకరించుటకు 1968 మే 8 వరకు పట్టినది. 1971లో బాధితులు దావా గెలిచిరి. కంపెనీ పైకోర్టుకు పోయి, 1972లో అచ్చటను ఓడినది.

పరిహారము చేతికి వచ్చినది గాని మట్టి మారలేదు. లోహము కాలదు, కుళ్ళదు. సుమారు 1,500 హెక్టార్ల నేల చెడినదని గుర్తింపబడినది. మరల సాగుచేయవలసిన మళ్ళలో పై మట్టిని లోతున పూడ్చి, వేరుచోటి నుండి తెచ్చిన మట్టిని దానిపై పరచిరి. తుది తీర్పు వచ్చిన నలుబది యేండ్లకు, 2012లో, ఆ పని పూర్తియైనది.