మోటుపల్లి పెంకు, ఉప్పుగూడ శిల

చీనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ పేరు వినని తెలుగు పాఠకుడు అరుదు. నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతమైన దక్షిణ కోసలం నుంచి దిగివచ్చి, క్రీ.శ. 639 ప్రాంతంలో ఆయన ధాన్యకటకం చేరినాడు. అక్కడ సుభూతి, సూర్యుడు అనే భిక్షువులవద్ద మహాసాంఘికుల అభిధర్మం చదివి, వారికి తాను మహాయానం బోధించినాడని ఆయన జీవిత చరిత్ర చెబుతున్నది. చీనాతో మనకు గల సంబంధాన్ని గురించిన జ్ఞాపకం సాధారణంగా ఈ ఒక్క పేరువద్దనే ఆగిపోతుంది. గ్రంథం రాసినవాడు గుర్తున్నాడు. సరుకు దింపి పోయినవాడు గుర్తులేడు.

ఆ మరచినవారి జాడ తెలియాలంటే చినగంజాం సమీపాన, సముద్రపుటొడ్డున ఉన్న మోటుపల్లికి పోవలె. ఇది ఒకనాటి కాకతీయుల రేవు. 1244-45లో గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం చరిత్రకారులకు చిరపరిచితమే. తుపానుకు చిక్కి ఒడ్డున పడిన ఓడలలోని సర్వస్వాన్నీ పూర్వరాజులు లాగుకొనేవారు. తాను మాత్రం కీర్తినీ ధర్మాన్నీ పాటించి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ ముట్టనని ఆయన అందులో మాట ఇచ్చినాడు. తరువాత సుంకాల పట్టిక వస్తుంది. చందనం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టునూలు, మిరియాలు. వాటి నడుమ చీనా కర్పూరం.

ఈ శాసనాన్ని రాజు ఔదార్యానికి సాక్ష్యంగా చదవడం వాడుక. దానిని పద్దుగా కూడా చదవవలె. కడలి దాటివచ్చిన వర్తకుడికి అభయమీయడం దయ మాత్రమే కాదు, మళ్ళీ రమ్మని పిలవడం కూడా. 1358లో అనవోతారెడ్డి కాలాన అదే రేవులో అటువంటి శాసనమే మరల వేయవలసి వచ్చిందంటే, ఆ పిలుపుతో పని అప్పటికీ తీరలేదన్నమాట.

పట్టికలోని కర్పూరం ఆవిరైపోయింది. పట్టు చివికిపోయింది. నిలిచినది పింగాణి. మోటుపల్లిలోను, నెల్లూరు సీమలోని కొత్తపట్నంలోను చీనా పింగాణి పెంకులు దొరికినవి. జపాను చరిత్రకారుడు నొబోరు కరషిమా నాయకత్వాన జరిగి 2004లో ప్రకటితమైన దక్షిణ భారత, సింహళ పరిశోధనలో ఈ రెండు రేవులకూ స్థానం లభించింది. చీనాలోని లుంగ్ చువాన్ బట్టీలలో, కొద్దిపాటి ఇనుము కలిసిన పూతను గాలి చాలని మంటలో కాల్చేవారు. దానివల్ల పాత్రకు లేత పాచివన్నె వచ్చేది. అడుగు వలయాన్ని చెక్కిన తీరు, పూత వచ్చి ఆగిన చోటు, లోపలి గీతల పోకడ చూసి నిపుణులు అరచేతిలో పట్టే ముక్కకు కూడా కాలం నిర్ణయించగలరు.

అదే జాతి పాత్రలు, పగుళ్ళు లేనివి, హైదరాబాదులోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో ఉన్నవి. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ప్రారంభించిన ఆ సంస్థ, 1961లో పార్లమెంటు చట్టంచేత జాతీయ ప్రాముఖ్యం పొంది, 1968లో మూసీ ఒడ్డుకు మారింది. విషాన్నం వడ్డిస్తే ఆ పచ్చని పళ్ళెం పగులుతుందని ఒకప్పటి ప్రభువులు నమ్మేవారట! నిజమో కాదో గాని, పళ్ళేలు మాత్రం పగలకుండా మన కాలందాకా వచ్చినవి. వాటి అందాన్ని కాదనేవారు ఉండరు. అయితే అవి ఒక నవాబు అభిరుచికీ సంపదకూ సాక్ష్యాలు. ఏ రేవులో దిగినవో, ఏ ఇంటి వంటకం చూసినవో చెప్పవు. తెలుగునేల చరిత్ర కావలసినవాడికి పూర్ణపాత్రకన్న మోటుపల్లి పెంకే విలువైనది.

ఆర్మేనియనులు మన నేలపై వదలినవి పెంకులు కావు, సమాధులు. 1604-05లో పారశీక ప్రభువు షా అబ్బాస్ జుల్ఫా పట్టణవాసులను పెకలించి ఇస్ఫహాను పక్కన కొత్త జుల్ఫాలో నిలిపినాడు. అక్కడి వర్తకులు బట్టలకోసం మచిలీపట్నానికి, వజ్రాలకోసం గోలకొండకు వచ్చినారు. వారిలో తిరిగిపోనివారు కొందరు, ఇద్దరు మతగురువులతో సహా, హైదరాబాదు ఉప్పుగూడలో డచ్చివారి పక్కన నిద్రిస్తున్నారు. వారి సమాధులపై ఉన్నది మెస్రోప్ మష్తోత్స్ క్రీ.శ. 405 ప్రాంతంలో కల్పించిన లిపి. దానిలో అక్షరాలే అంకెలు కూడా. ఆర్మేనియన్ శకానికి 551 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. రాతిపై 1129 అని ఉంటే అది 1680.

ఆ జాతివారి మొట్టమొదటి పత్రిక ‘అజ్దరార్’ వెలువడినది స్వదేశంలో కాదు, మద్రాసులో, 1794లో. దానిని నడిపిన హరుత్యూన్ ష్మావోన్యాన్ ఒకే వారంలో ఇద్దరు కొడుకులను పోగొట్టుకొన్న మతగురువు. 1824లో మరణించిన ఆయన సమాధి మద్రాసు ఆర్మేనియన్ చర్చి ఆవరణలో గౌరవంగా నిలిచి ఉన్నది. ఉప్పుగూడ శిలలకు అంతటి సంరక్షణ దక్కలేదు. చుట్టూ నగరం పెరిగింది. శ్మశానం దుస్థితిని గూర్చి పత్రికలు పలుమార్లు రాసినవి. ఆ శాసనాలను పరిశీలించి, మెస్రోవ్బ్ జాకబ్ సేథ్ 1937లో కలకత్తాలో ఇంగ్లీషున ప్రకటించిన భారత ఆర్మేనియనుల చరిత్రలో వివరించినాడు. రాతి అంచులు అరిగేకొద్దీ, మూలం పోయి ఆ పుస్తకమే మూలమవుతుంది.