లీటరుకు ఎంత?

1983 జులై 23 సాయంత్రం. మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్‌కు బయల్దేరిన ఎయిర్ కెనడా బోయింగ్ 767, 41,000 అడుగుల ఎత్తున ఎగురుతోంది. లోపల 69 మంది. రెడ్ లేక్ ప్రాంతం దాటుతుండగా కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగింది. ఎడమవైపు ఇంధన పీడనం పడిపోతోంది. పంపు మొరాయించిందేమో అనుకున్నారు కెప్టెన్ బాబ్ పియర్సన్, కో-పైలట్ మారిస్ క్వింటల్. అంతలోనే మరో హెచ్చరిక. వెంటనే విన్నిపెగ్ వైపు మళ్లారు. దారిలో ఎడమ ఇంజిన్ ఆగిపోయింది. కాసేపటికే కుడిదీ ఆగింది. ఎదురుగా ఉన్న తెరలు ఆరిపోయాయి.

ట్యాంకులు ఖాళీ!

తప్పు మాంట్రియల్‌లోనే జరిగింది. ఆ రోజు ఇంధనం మీటర్లు పనిచేయడం లేదు. రెక్కల కింది కొలత కడ్డీలతో చూస్తే 7,682 లీటర్లు ఉన్నట్టు తేలింది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటర్లను కిలోల్లోకి మార్చాలంటే సాంద్రత తెలియాలి. లీటరు జెట్ ఇంధనం దాదాపు 0.8 కిలోలు తూగుతుంది. సిబ్బంది చేతికందిన అంకె మాత్రం 1.77. అది లీటరుకు పౌండ్ల లెక్క. కంపెనీలోని పాత విమానాలన్నీ పౌండ్లలో నడిచేవి, కొత్తగా వచ్చిన 767 కిలోల్లో నడిచేది.

7,682ను 1.77తో గుణిస్తే 13,597 వచ్చింది. అవి కిలోలే అనుకున్నారు. నిజానికి పౌండ్లు. ట్యాంకుల్లో ఉన్నది 6,170 కిలోలకు మించదు. తమ లెక్క ప్రకారం 22,300కు తక్కువ పడిన 8,703ను మళ్లీ 1.77తోనే భాగించి, 4,900 పైచిలుకు లీటర్లు పోశారు. పోయాల్సింది 20,000 పైనే. ఒట్టావాలో మళ్లీ కొలిచారు. అక్కడా అదే పౌండ్ల లెక్క. అందుకే లెక్క సరిపోయినట్టే కనిపించింది.

ఇక విన్నిపెగ్ అందదని క్వింటల్ లెక్కగట్టారు. తాను ఒకప్పుడు పనిచేసిన గిమ్లీ వైమానిక స్థావరం దగ్గరలో ఉందని గుర్తుచేశారు. ఆ రన్‌వే కార్ల పందేలకు వేదికగా మారిందని, ఆ రోజు అక్కడ కుటుంబాలు పిల్లాపాపలతో విడిది చేశాయని ఆయనకు తెలియదు. గాలికి తిరిగే చిన్న టర్బైన్ ఒక్కటే విమానాన్ని అదుపులో ఉంచుతోంది. రన్‌వే దగ్గరపడినా ఎత్తు తగినంత తగ్గలేదు. గ్లైడర్లు నడిపిన అనుభవమున్న పియర్సన్ అంత పెద్ద విమానాన్నీ ఒక పక్కకు ఒరిగించి, ఏటవాలుగా కిందికి జార్చారు. చక్రాలు నేలను తాకాయి. సరిగా బిగుసుకోని ముందు చక్రం ముడుచుకుపోయింది. ముక్కు నేలను రాసుకుంటూ వెళ్లి, జనానికి ఇవతలే విమానం ఆగింది. కొందరికి స్వల్ప గాయాలు, అందరూ క్షేమం. మరమ్మతు చేశాక అదే విమానం 2008 దాకా ఎగిరింది.

గుణకారం తప్పలేదు, భాగహారమూ తప్పలేదు. అంకె పక్కన ఉండాల్సిన ప్రమాణమే లేదు. రోగికి మందు కొలిచే నర్సుకైనా, ప్రయోగశాలలో ఆమ్లం కలిపే విద్యార్థికైనా చెప్పాల్సింది ఇదే. ఉత్త 1.77 అని రాయకండి. లీటరుకు 1.77 పౌండ్లు అని పూర్తిగా రాయండి.