పాత సీడీ ప్లేయరు, దాని వెనుక ద్వారం

పాత సీడీ ప్లేయరును పారవేయక, దానికి బయటి డాక్ ఒకటి కలిపి వినే అలవాటు సంగీతప్రియులలో చాలామందికి ఉన్నది. డాక్ అంటే అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే పరికరం. 'డిజిటల్ టు ఎనలాగ్ కన్వర్టర్' అన్న పొడుగాటి పేరుకు పొట్టి రూపం. 1980ల చివరలో తయారైన ప్లేయరు, నిన్నగాక మొన్న అంగట్లోకి వచ్చిన డాక్‌తో మధ్యవర్తి అవసరం లేకుండా మాట్లాడగలగడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయమే. ఆ కాలపు కంప్యూటరు ఫ్లాపీని నేటి కంప్యూటరులో దూర్చడానికి చోటే లేదు. మరి సంగీతానికి ఈ భాగ్యం ఎలా దక్కింది? ఆ చరిత్రను కొంత తెలుసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

సీడీ ప్లేయరు చూడటానికి ఒక్క పెట్టెే అయినా, అందులో ఉన్నవి రెండు యంత్రాలు. మొదటిది చదువరి. 780 నానోమీటర్ల లేజరు కాంతితో, 1.6 మైక్రోమీటర్ల ఎడంతో చుట్టలు చుట్టుకొని ఉన్న గుంతల వరుసను చదవడం దాని పని. గీతలు పడిన చోట పోయిన అంకెలను తిరిగి రాబట్టడానికి రీడ్, సోలొమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1960లో ప్రకటించిన సంకేతపద్ధతి దానికి తోడు. రెండవ యంత్రం గాయకుడు. సెకనుకు 44,100 చొప్పున, ఒక్కొక్క చెవికీ విడివిడిగా వచ్చే 16 బిట్ల అంకెలను పుచ్చుకొని వాటిని మళ్ళీ ధ్వనితరంగంగా మలచడం దాని పని.

ఈ 44,100 అన్న సంఖ్య వెనుక ఒక చిన్న కథ ఉన్నది. 1970లలో అంకెల రూపంలో ఉన్న ధ్వనిని నిలువచేయడానికి అనువైనది వీడియో టేపు. తెరపై గీసే ఒక్కొక్క గీతలో మూడేసి అంకెలు పెట్టేవారు. సెకనుకు 60 క్షేత్రాలు, క్షేత్రానికి పనికివచ్చే గీతలు 245, గీతకు 3 అంకెలు: హెచ్చవేస్తే 44,100. ఐరోపా పద్ధతిలో 50 క్షేత్రాలు, 294 గీతలు, 3 అంకెలు: అదీ 44,100 అయింది. రెండు ఖండాల టెలివిజన్ లెక్కలూ ఒకేచోట కలిసిన ఆ సంఖ్యే, ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో కుదుర్చుకున్న 'రెడ్ బుక్' ఒప్పందంలోకి ఎక్కి స్థిరపడింది.

అంకెలపై ఒప్పందం కుదిరినంత సులువుగా వాటిని పాడించే విద్య కుదరలేదు. 14 బిట్లు చాలునన్నది ఫిలిప్స్. 16 కావాలన్నది సోనీ. సోనీ మాటే నెగ్గింది. కానీ అప్పటికే ఫిలిప్స్ చేతిలో తయారుగా ఉన్నది 14 బిట్ల డాక్. దానిని వదులుకోక, అంకెల ప్రవాహాన్ని నాలుగింతలు చేసి, సెకనుకు 1,76,400 మారులు మార్చే ఉపాయంతో ఆ లోటును పూరించారు. 1982 అక్టోబరు 1న జపానులో విడుదలైన సోనీ సీడీపీ-101లో 16 బిట్ల డాక్ ఉన్నది, కానీ అది ఒక్కటే. ఎడమ చెవికి ఒకసారి, కుడి చెవికి ఒకసారి వంతులవారీగా పనిచేసేది. దానితో రెండు చెవుల మధ్య 11 మైక్రోసెకన్ల తేడా వచ్చేది.

ఈ వివరాలను ఇంతగా చెప్పడానికి కారణం ఉన్నది. పళ్ళెంపై ఉన్న అంకెలు 1982లో ఎట్లా ఉన్నవో నేటికీ అట్లాగే ఉన్నవి. వాటిని పాడించే విద్య మాత్రం ఏటేటా మారుతూ వచ్చింది. మారనిదానినీ, మారేదానినీ ఒకే పెట్టెలో బంధించి ఉంచడం ఎందుకన్న ఆలోచన త్వరలోనే పుట్టింది. 1985లో ఇంగ్లండుకు చెందిన కేంబ్రిడ్జ్ ఆడియో సంస్థ రెండు పెట్టెల సీడీ ప్లేయరును తెచ్చింది. 1980ల చివరలో ఆర్కమ్ సంస్థ 'బ్లాక్ బాక్స్' పేరుతో విడి డాక్‌ను అమ్మింది. ఎవరి ప్లేయరుకైనా తగిలించుకోవచ్చునన్నది దాని ఆకర్షణ.

అట్లా తగిలించుకోవాలంటే ప్లేయరుకు వెనుక ఒక ద్వారం ఉండాలి. సీడీపీ-101 వంటి తొలి యంత్రాలకు అది లేదు. ధ్వని ఇంజనీర్ల సంఘం 1985లో వృత్తిపరుల కోసం ఏఈఎస్-3 అనే ప్రమాణాన్ని వెలువరించింది. దాని గృహరూపమే సోనీ, ఫిలిప్స్ సంస్థల పేర్లను తనలో ఇముడ్చుకున్న ఎస్‌పీడిఫ్. 1989లో అది ఐఈసీ-958గా అంతర్జాతీయ ప్రమాణమైంది. రాగి తీగ గుండా అయితే అర వోల్టు సంకేతం. తోషిబా సంస్థ 1983లో తెచ్చిన టాస్‌లింక్ గుండా అయితే ఎర్రని వెలుగు. దారి ఏదైనా భాష ఒకటే.

ఆ భాష వ్యాకరణం గమనించదగినది. ఒక్కొక్క అంకెకు 32 బిట్ల గది కేటాయించారు. 16 బిట్ల సంగీతం పోగా మిగిలిన చోటులో గుర్తులకు కూడా స్థానం ఉన్నది. అట్లాంటి ఒక గుర్తును 192 గదుల నుంచి ఏరి వరుసగా పేర్చితే ఒక చిన్న చీటీ అవుతుంది. ఇది సంగీతమా కాదా, దీనికి నకలు తీయవచ్చునా, దీనిని ఏ తీరున పాడించాలి అన్న సూచనలు అందులో ఉంటాయి. సెకనుకు సుమారు 230 మారులు ఆ చీటీ అటునుంచి ఇటు అందుతూనే ఉంటుంది.

ఆ చీటీలోని ఒక సూచనను గురించి చెప్పాలన్నదే నా అసలు తాపత్రయం. 1980ల తొలినాళ్ళలో, ముఖ్యంగా జపానులో అచ్చయిన కొన్ని సీడీలలో హెచ్చు స్థాయి స్వరాలను కావాలనే పెంచి నింపారు. దీనిని ప్రీ-ఎంఫసిస్ అంటారు. 10,000 హెర్ట్‌జ్ దగ్గర 7.6 డెసిబెల్‌లు, 20,000 దగ్గర 9.5 డెసిబెల్‌ల పెంపు. పాడించేటప్పుడు అంతకంతా తగ్గిస్తే, దానితోపాటు బుసబుసమనే రొద కూడా తగ్గుతుందన్నది ఆలోచన. తగ్గించమని చెప్పే గుర్తు పళ్ళెంపైనే ఉంటుంది. పాత ప్లేయరు ఆ గుర్తును చూసి తన లోపలి డాక్ దగ్గర స్వరాలను సరిచేసుకుంటుంది. బయటి డాక్‌కు అంకెలను మార్చకుండా పంపుతూ, గుర్తును చీటీలో రాసి జతచేస్తుంది. కానీ నేటి డాక్‌లలో కొన్ని ఆ చీటీని చదవవు! అప్పుడు తాళాలు, హల్లులు, వయొలిన్ పై స్థాయి స్వరాలు చెవిలో గుచ్చుకుంటాయి. వినేవాడు పాత సీడీదే లోపమనుకుంటాడు.

తాళపత్రాన్ని నకలు చేస్తూ అరసున్నలను వదిలివేసిన లేఖకుడు నాకు ఇక్కడ గుర్తుకు వస్తాడు. అక్షరాలన్నీ ఉంటాయి. కానీ 'ఏఁడు' అంటే సంవత్సరమనీ, 'ఏడు' అంటే సంఖ్య అనీ చెప్పే చుక్క మాత్రం ఉండదు. అంకెలన్నీ పొల్లుపోకుండా చేరినవి కనుక సంగీతమంతా చేరిందనుకోవడం అటువంటిదే.

మరి బయటి డాక్ ఏమి బాగుచేస్తుంది, ఏమి చేయలేదు? పాత ప్లేయరులో కెపాసిటర్లు ఎండిపోయి పాట మసకబారితే, ఆ భాగాన్ని దాటుకొని పోవచ్చు. లేజరు బలహీనపడితే మాత్రం డాక్ చేయగలిగినది లేదు. సొరుగును కదిపే రబ్బరు పట్టీ సాగిపోతే దానిని మార్చుకోవలసిందే. పాత ప్లేయరు నుంచి వచ్చే అంకెలు కాలం తప్పి ఊగుతాయన్న ఫిర్యాదు కూడా ఉన్నది. ఎస్‌పీడిఫ్‌లో గడియారమూ, అంకెలూ ఒకే తీగపై వస్తాయి కనుక తొలితరం డాక్‌లకు ఆ బాధ నిజమైనదే. వచ్చిన అంకెలను తమ సొంత గడియారంతో మళ్ళీ వరుసపెట్టుకునే నేటి డాక్‌లలో అది చాలావరకు తీరింది.

ఈ ద్వారాన్ని మూయాలన్న కోరికా లేకపోలేదు. అంకెల నుంచి అంకెలకు నకలు తీస్తే నాణ్యత తగ్గదని రికార్డు కంపెనీలు భయపడ్డాయి. అమెరికాలో 1992 నాటి చట్టం, నకలుకు నకలు తీయకుండా అడ్డుపడే ఏర్పాటును ఇళ్ళలో వాడే డిజిటల్ రికార్డర్లకు తప్పనిసరి చేసింది. అయినా సీడీ వెనుక ద్వారం మూతపడలేదు. 1999లో అవే రెండు సంస్థలు తెచ్చిన సూపర్ ఆడియో సీడీ మాటకు వస్తే, దాని మేలిరకం పొరను ఎస్‌పీడిఫ్ గుండా బయటికి రానివ్వలేదు. ఎస్‌పీడిఫ్ తప్ప వేరే డిజిటల్ ద్వారం లేని ప్లేయరులో, ఆ పొరను లోపలి డాక్ ఎంత బాగా పాడితే అంతే దక్కుతుంది. తెరిచి ఉంచిన ద్వారం విలువ ఏమిటో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

చదువరులలో ఎవరి ఇంట్లోనైనా పాత ప్లేయరు అటకెక్కి ఉంటే, ముందు దాని వెనుక వైపు చూడండి. 'డిజిటల్ అవుట్' అని రాసి ఉంటే అది ఇంకా పనికివచ్చే యంత్రమే. డాక్ కొనేటప్పుడు మాత్రం, ప్రీ-ఎంఫసిస్ గుర్తును అది చదువుతుందా అని ఒక మాట అడగండి. ప్లేయరు తన వంతుగా ఆ చీటీని ఇప్పటికీ పంపుతూనే ఉన్నది.