సరిహద్దు మనుషుల ఓటు

అణువిద్యుత్తు వద్దనుకున్న దేశమంటే అందరికీ జర్మనీ గుర్తుకొస్తుంది. అక్కడి చివరి కేంద్రాలు 2023 ఏప్రిల్‌లో మూతపడ్డాయి. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం పక్కనున్న ఆస్ట్రియా. పూర్తిగా కట్టిన కేంద్రాన్ని ఒక్కరోజు కూడా నడపకుండా మూలపెట్టిన దేశమది.

వియన్నాకు ఎగువన, డాన్యూబ్ ఒడ్డున త్స్వెంటెన్‌డార్ఫ్ గ్రామంలో 1972లో పని మొదలైంది. సుమారు 700 మెగావాట్ల కేంద్రం. ప్రభుత్వం, కార్మిక సంఘాలు, పరిశ్రమాధిపతులు అందరూ ఒకే మాట మీద ఉన్నారు. అణు వ్యర్థాలను ఎక్కడ దాచాలన్న ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. నిరసన పెరిగింది. 1979 ఎన్నికల ముందు ఈ తలనొప్పి వదిలించుకోవాలని సోషలిస్టు ఛాన్సలర్ బ్రూనో క్రైస్కీ విషయాన్ని ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టాడు. ఓడితే రాజీనామా చేస్తానన్న ధోరణిలో మాట్లాడాడు. అదే ఆయన చేసిన పొరపాటు. అణుశక్తి అంటే పెద్దగా వ్యతిరేకత లేని ప్రతిపక్షం వారు కూడా ఆయన్ను దించడానికి ఇదే అదనని 'వద్దు' అన్నారు.

1978 నవంబరు 5న ఓటింగు జరిగింది. వద్దన్నవారు 50.47 శాతం, కావాలన్నవారు 49.53 శాతం. తేడా 30 వేల ఓట్లు.

ఈ తేడా ఎక్కడిది? లెక్కలు చూస్తే పడమటి కొసన, స్విట్జర్లాండు సరిహద్దులో ఉన్న ఫోరార్ల్‌బెర్గ్ అనే చిన్న రాష్ట్రం కనిపిస్తుంది. అక్కడ 84 శాతం మంది వద్దన్నారు. ఆ ఒక్క రాష్ట్రం ఓట్లు తీసేస్తే దేశం మొత్తం మీద 'కావాలి' అన్నవారే గెలిచేవారు. త్స్వెంటెన్‌డార్ఫ్ వారికి వందల మైళ్ల దూరం. కాని రైన్ నది అవతల, స్విస్ గట్టున రూథి దగ్గర తలపెట్టిన అణుకేంద్రం మీద వాళ్లు అప్పటికే ఏళ్ల తరబడి పోరాడి ఉన్నారు. పొరుగు దేశంలో కట్టేదానికి వాళ్లకు ఓటు లేదు. ఓటు దొరికిన చోట తమ మాట చెప్పారు.

క్రైస్కీ దిగిపోలేదు. డిసెంబరులో పార్లమెంటు అణువిద్యుత్తును నిషేధిస్తూ చట్టం చేసింది. 1979 మేలో ఆయన మునుపటికన్నా ఎక్కువ సీట్లతో గెలిచాడు. దించుదామనుకున్నవారి ఎత్తు పారలేదు గాని, తీర్పు నిలిచింది. దానికీ మూల్యం ఉంది. ఆ దగ్గరలోనే డ్యూర్న్‌రోర్‌లో బొగ్గు కేంద్రం లేచింది. 1986లో చెర్నోబిల్ పేలాక పాత వాదన మళ్లీ తలెత్తలేదు. 1999లో నిషేధం రాజ్యాంగ చట్టమైంది.

రాజధానికి దూరంగా, ఎల్లల పక్కన బతికే మనబోటి వాళ్ల మాట లెక్కలోకి రాదని మనమే అనుకుంటూ ఉంటాం. అలా అనిపించినప్పుడల్లా నాకు ఆ పడమటి కొస గుర్తుకొస్తుంది.