గంపకింద తల్లి, అట్టపెట్టెలో పిల్ల

తెలుగువాళ్ల చరిత్రలో కోడికి చోటుంది కానీ ఆ చోటంతా పుంజుదే. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి పుంజు, నాగమ్మ పుంజు బరిలో తలపడ్డాయి. ఓడిన పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి పోవలసి వచ్చింది. కుక్కుట శాస్త్రం పేరుతో సంక్రాంతి ముందు అమ్ముడుపోయే పుస్తకాల్లో డేగ, కాకి, నెమలి, పింగళ అంటూ పుంజుల రంగులు, వాటి గెలుపు ఘడియలు పేజీలకు పేజీలు ఉంటాయి. ఆ పుంజును పొదిగిన పెట్ట ఊసు మాత్రం ఎక్కడా కనిపించదు. దాన్ని పొదుగుకు కూర్చోబెట్టి, పిల్లల్ని గద్దకూ పిల్లికీ దక్కకుండా కాపాడి, నూకలు చల్లి పెంచిన ఇల్లాలి గురించి ఒక్క వాక్యం లేదు. పెరటి కోళ్ల అసలు చరిత్ర ఆ రాయని వాక్యంలోనే ఉందని నా నమ్మకం.

అడవికోడి మనిషి పెరట్లోకి వచ్చిన తొలి ఆనవాళ్లు థాయ్‌లాండ్‌లోని బాన్ నోన్ వాట్ అనే చోట, క్రీస్తుపూర్వం 1650-1250 మధ్య కాలానివి దొరికాయని 2022లో వెలువడిన పరిశోధన చెబుతోంది. వరి, కొర్ర లాంటి గింజల సాగు అడవికోడిని ఊరివైపు రప్పించి ఉంటుందని ఆ పరిశోధకుల అంచనా. అంటే మనం పట్టి తెచ్చుకోకముందే అది మన గింజల కోసం వచ్చిందన్నమాట. ఇప్పటికీ పెరట్లో చేట పట్టుకుని బియ్యం చెరుగుతుంటే ముందుగా చేరేది కోడే.

పొదిగించడం చూడ్డానికి తేలికైన పని. పెట్ట గుడ్లు పెట్టడం మానేసి, రెక్కలు విప్పార్చి, దగ్గరికి వెళితే ఒళ్లు ఉబ్బించి గుర్రుమంటుంటే పొదుగుకొచ్చిందని అర్థం. పాత వెదురుబుట్టలో ఇసుకో బూడిదో పోసి, పైన ఎండుగడ్డి పరుస్తారు. బూడిద పేలను దూరం పెడుతుంది. పది, పన్నెండు గుడ్లు పెడతారు. అంతకు మించితే పెట్ట ఒంటి కిందికి అన్నీ రావు, అంచున ఉన్నవి చల్లబడి మురిగిపోతాయి. చాలా ఊళ్లలో ఉరుములకు గుడ్లు చెడకుండా బుట్టలో ఓ ఇనుప ముక్క, ఓ బొగ్గు వేస్తారు. వారం తిరిగాక రాత్రిపూట దీపానికి అడ్డంగా గుడ్డు పట్టి చూస్తారు. లోపల ఎర్రని నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల కట్టినట్టు, ఖాళీగా వెలుతురు కనిపిస్తే తీసి పక్కన పెట్టాల్సిందే.

పెట్ట రోజుకోసారి లేచి, నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మధ్యలో ముక్కుతో గుడ్లను పదేపదే దొర్లిస్తుంది. దొర్లించకపోతే లోపలి పిండం పెంకు గోడకు అంటుకుపోతుంది. పంతొమ్మిది, ఇరవయ్యో రోజున గుడ్డు లోపలి నుంచే కిచకిచ మొదలవుతుంది, పైనుంచి పెట్ట చిన్నగా కొక్కొక్కు అని బదులిస్తుంది. ఇరవై ఒకటో రోజున పిల్ల ముక్కు కొసన ఉన్న చిన్న గట్టి మొనతో పెంకును చుట్టూ పగలగొట్టుకుని తడితడిగా బయటపడుతుంది.

ఆ వెంటనే పెట్ట గూడు వదిలి లేవదు. ముందు పుట్టిన పిల్లకూ చివరి పిల్లకూ మధ్య ఒక రోజో, ఇంకొంచెం ఎక్కువో తేడా ఉంటుంది. అందాకా తొలిపిల్ల ఆకలితో చావకుండా ప్రకృతే ఏర్పాటు చేసింది. పుట్టడానికి కొద్దిముందు మిగిలిన పచ్చసొనను పిల్ల తన కడుపులోకి లాక్కుంటుంది. రెండు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకపోయినా ఆ సొన మీద బతుకుతుంది. ఆఖరి పిల్ల వచ్చేదాకా తల్లి కదలకుండా ఉండడానికి ఉన్న వెసులుబాటు ఇది. ప్రపంచ కోళ్ల వ్యాపారమంతా తర్వాత ఈ రెండు మూడు రోజుల మీదే నిలబడింది.

తల్లి లేకుండా గుడ్లు పొదిగించవచ్చని ముందుగా పట్టుకున్నవాళ్లలో ఈజిప్టువాళ్లు ఉన్నారు. గుడ్లను పేడలో పాతి పిల్లలు చేయిస్తారని అరిస్టాటిల్ రాశాడు. తర్వాతి కాలంలో అక్కడ మట్టి ఇటుకలతో రెండంతస్తుల పొయ్యిలు కట్టారు. పైగదిలో గడ్డీ పేడపిడకలూ రాజేస్తే కిందిగదిలో వేల గుడ్లు వెచ్చబడేవి. థర్మామీటరు లేదు. పనివాడు గుడ్డు తీసి తన కంటిరెప్పకు ఆనించుకుని వేడి ఎంతుందో చెప్పేవాడు. ఈ విద్య తండ్రి నుంచి కొడుకుకు గుట్టుగా అందుతూ వచ్చింది. ఈజిప్టులో ఈ పొయ్యిలు ఈ మధ్య దాకా పనిచేశాయి.

కంటిరెప్ప పనిని యంత్రం అందుకున్నది పంతొమ్మిదో శతాబ్దంలో. అమెరికాలోని కాలిఫోర్నియాలో పెటలూమా అనే ఊళ్లో 1879లో లైమన్ బైస్ తయారుచేసిన ఇంక్యుబేటర్ ఆ ఊరినే గుడ్ల రాజధానిని చేసింది. పొదుగు పెట్ట అవసరం తీరాక పిల్లల్ని పుట్టినరోజే పెట్టెలో పెట్టి దూరాలకు పంపవచ్చన్న ఆలోచన వచ్చింది. కడుపులోని పచ్చసొనే దారిబత్తెం. 1918లో అమెరికా తపాలాశాఖ ఒక రోజు వయసు పిల్లల్ని పార్సిళ్లుగా తీసుకోవడం మొదలుపెట్టింది. గాలికి కన్నాలు పొడిచిన అట్టపెట్టె, నాలుగు అరలు, అరకు 25 చొప్పున 100 పిల్లలు. మన ఊళ్లలో బస్సు పైకప్పు మీదో, ఆటోలోనో కిచకిచమంటూ దిగే పెట్టె కూడా అచ్చం అదే.

1920లలో జపాన్‌లో మసుయీ, హషిమోటో అనే శాస్త్రజ్ఞులు పుట్టినరోజే పిల్ల పెట్టో పుంజో వెనకభాగం చూసి చెప్పే పద్ధతిని స్థిరపరిచారు. గుడ్ల ఫారాలవాళ్లకు అది వరమైంది, మగపిల్లలకు శాపమైంది. గుడ్ల జాతిలో పుట్టిన పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికీ త్వరగా ఎదగదు. కాబట్టి అది ఎవరికీ అక్కర్లేదు. సంతల్లో, బడుల ముందు గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగులు పూసి పది ఇరవై రూపాయలకు పిల్లలకు అమ్మేవి ఎక్కువగా ఈ అక్కర్లేని పుంజుపిల్లలే. వేడి అందక, టీకా లేక చాలావరకు వారం లోపే చనిపోతాయి. పసిపిల్లల చేతికి ఆ చావును కొనిపెట్టడం నాకు ఏనాడూ నచ్చలేదు.

మన దేశంలో మేలుజాతి కోళ్ల ప్రయత్నాలు మిషనరీల కాలంలోనే మొదలయ్యాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఎటా ఊళ్లో అమెరికన్ మిషనరీలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే వైట్ లెగ్‌హార్న్ కోళ్లను పల్లెలకు పంచారు. పెద్ద మార్పు మాత్రం 1970ల్లో వచ్చింది. హైదరాబాద్‌లో చిన్నగా కోళ్ల పెంపకం మొదలుపెట్టిన బండా వాసుదేవరావు 1971లో పుణెలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో గుడ్ల రైతులంతా కలిసి జాతీయ గుడ్ల సమన్వయ సమితి (నెక్) ఏర్పాటు చేసుకోవడం వెనకా ఆయనే ఉన్నారు. ఆ తరంలోనే తెలుగునేల గుడ్ల ఉత్పత్తిలో ముందు వరుసకు చేరింది. అదంతా ఫారాల కథ. పెరటి ఇల్లాలికి అందులో భాగం దక్కలేదు.

ఆమె కోసం పనిచేసిన చోటు రాజేంద్రనగర్. హైదరాబాద్ శివారున ఉన్న ఆ ప్రాంతంలోనే 1988లో కేంద్ర ప్రభుత్వం కోళ్ల పరిశోధనకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. అదే నేటి డైరెక్టరేట్ ఆఫ్ పౌల్ట్రీ రీసెర్చ్. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే పెరటికోళ్ల రకాలు దాని చేతి మీదుగా వచ్చాయి. వనరాజా గుడ్లకూ మాంసానికీ పనికొస్తుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోడి, గోధుమరంగు గుడ్లు పెడుతుంది. పల్లెజనం తెల్లకోడిని నాటుకోడిగా ఒప్పుకోరు కాబట్టి వీటికి రంగు ఈకలు వచ్చేలా చూశారు. పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి రాజశ్రీ అనే మరో రకం వచ్చింది. పెరట్లో వనరాజా ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. నాటుపెట్ట అందులో సగం పెడితే గొప్ప.

మరి లోపం ఎక్కడుంది? ఇవి పొదగవు. గుడ్ల కోసం ఎంపిక చేస్తూ పోతే పొదుగు గుణం తరిగిపోతుంది. పొదుగుకొచ్చిన పెట్ట మూడు వారాలు పొదిగి, ఆపై రెండు మూడు నెలలు పిల్లల వెంట తిరిగితే గుడ్ల లెక్క పడిపోతుంది కదా. ఆ లెక్క పెంచుకున్నాం, తల్లిని పోగొట్టుకున్నాం. అట్టపెట్టెలో వచ్చిన పిల్లకు ఇక తల్లి మనమే.

ఆ తల్లితనం ఎంత పనో పెంచినవాళ్లకే తెలుసు. పిల్లలు రాకముందే గదిలో రెండు మూడు అంగుళాల మందాన వరిపొట్టు పోయాలి. మొదటి రోజుల్లో దాని మీద పాత పేపర్లు పరిచి మొక్కజొన్న రవ్వ చల్లాలి, లేకపోతే పొట్టునే గింజ అనుకుని తింటాయి. దిగగానే మేత కాదు, ముందు నీళ్లు, కాస్త బెల్లం కలిపి. కొన్ని పిల్లల ముక్కులను నీళ్లలో ముంచి తీస్తే మిగతావి చూసి నేర్చుకుంటాయి. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ వేడి, ఆపై వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గింపు. బల్బు వేలాడదీస్తే పిల్లకు రెండు వాట్ల లెక్క. థర్మామీటరు లేకున్నా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుట్టగా పడితే చలి. దూరంగా జరిగి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ. పళ్లెంలో పోసిన గింజల్లా అంతటా సమంగా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. రాత్రి కరెంటు పోయిందంటే గుట్టలో అడుగున ఉన్నవి నలిగి చస్తాయి. అందుకే 2009-10లో మొదలైన కేంద్ర పెరటికోళ్ల పథకంలో పేదకుటుంబానికి రోజు వయసు పిల్లల్ని ఇవ్వలేదు. మదర్ యూనిట్లలో నాలుగు వారాలు పెంచిన 45 పిల్లల్ని ఇచ్చారు. తల్లి చేసే పనికి సర్కారు ఒక యూనిట్ పెట్టాల్సి వచ్చింది.

నాటుపెట్ట విలువ ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా మన్యంలోని ఆదివాసీ మహిళలకు ముందే తెలుసు. అక్కడ అసీల్ అనే నాటుజాతి కోళ్లను వాటాకు ఇచ్చే ఆచారం ఉంది. పెట్ట ఉన్నామె లేనామెకు ఇస్తుంది, పొదిగి పెరిగిన పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. కోళ్లు పోగొట్టుకున్న ఇల్లు డబ్బు ఖర్చు లేకుండా మళ్లీ మందను కట్టుకుంటుంది. మహిళా పశువైద్యులు నడిపే ఆంత్ర సంస్థ ఈ పద్ధతిని అక్కడి మహిళలతో కలిసి నమోదు చేసి, తిరిగి నిలబెట్టే ప్రయత్నం చేసింది. ఏ బ్యాంకు కాగితమూ లేని ఈ అప్పులో వడ్డీ కోడిపిల్లలే.

ఇన్ని చేసినా మందను ఒక్క వారంలో తుడిచిపెట్టే శత్రువు ఒకటుంది. తెలుగులో కొక్కెర తెగులు అంటాం, దేశమంతా రాణిఖేత్ అంటారు. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లోనూ, జావాలోనూ బయటపడిన ఈ రోగం ఆ తర్వాత కుమావూ కొండల్లోని రాణిఖేత్ ఊళ్లో కనిపించింది. ముక్తేశ్వర్‌లోని ప్రయోగశాల అధిపతి ఎడ్వర్డ్స్ 1928 నివేదికలో దాన్ని నమోదు చేశారు. మెడ వంకర తిరగడం, ఆకుపచ్చని పారుడు, నోరు తెరిచి ఊపిరి అందక గురగురమనడం, ఇవన్నీ పల్లె ఇల్లాలు చూసిన గుర్తులే. 1940ల్లో అదే ముక్తేశ్వర్ నుంచి ఆర్‌టూబీ టీకా వచ్చింది. 1946లో అమెరికాలోని న్యూజెర్సీలో లసోటా అనే రైతు ఫారంలో దొరికిన మెతక వైరస్ నుంచి పిల్లలకు వేసే లసోటా టీకా తయారైంది. అయిదు నుంచి ఏడో రోజు మధ్య కంట్లో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ సూది. ఆర్‌టూబీ పదునైనది, ఆ వయసు రాని పిల్లకు వేస్తే టీకానే రోగం తెస్తుంది.

మందుందని తెలిసినా పెరటి కోళ్లు ఇప్పటికీ ఎందుకు చస్తున్నాయి? టీకా సీసా సాధారణంగా 100 డోసులకు తక్కువ దొరకదు. కలిపిన టీకాను రెండు గంటల్లో వాడేయాలి, అందాకా ఐసులో ఉంచాలి. పది కోళ్లున్న ఇల్లాలు తన కోసం సీసా కొనలేదు, కొన్నా తొంభై చుక్కలు పారబోయాలి. ఫారం రైతుకు అడ్డురాని ఈ లెక్క పెరటి మందను చంపుతోంది.

పెరట్లో పిల్లలు పెంచాలనుకునేవాళ్లకు నా మాట ఇది. ఒక్క నాటుపెట్టనైనా ఇంట్లో ఉంచుకోండి. అది పొదుగులో ఉండగా 21వ రోజు రాత్రి చీకట్లో హేచరీ పిల్లల్ని దాని రెక్కల కింద మెల్లగా తోస్తే తెల్లారేసరికి చాలా పెట్టలు వాటిని తమవిగానే కలుపుకుంటాయి. బల్బు ఖర్చు తప్పుతుంది, గద్ద భయం తగ్గుతుంది. టీకా మాత్రం ఒంటరిగా వేయించకండి. వీధిలోని పది ఇళ్లవాళ్లూ ఒకే ఉదయం కోళ్లను గంపల కింద మూసి ఉంచండి. ఊరి పశువైద్యశాలకు ఒకరు వెళ్లి సీసా తెస్తే, రెండు గంటల్లో వీధి కోళ్లన్నిటికీ చుక్క పడుతుంది.