పిట్ట పేరు చెప్పినవాళ్లు

కొన్నేళ్ల కిందట అక్టోబరులో ఒక రాత్రంతా ఈదురుగాలి వీచింది. తెల్లవారి మచిలీపట్నంలో మా వెనక దొడ్డి ఊడవబోతే సపోటా చెట్టు కింద ఎండుటాకుల్లో ఏదో గెంతింది. ఆకుపచ్చ వీపు, లేత గోధుమరంగు రొమ్ము, కళ్ల మీదుగా నల్లని పట్టీ, పొట్ట కింద కుంకుమ ఎరుపు. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నోట్లోంచి దానంతటదే వచ్చిన మాట 'పొన్నంగి పిట్ట'. ఎప్పుడో చిన్నప్పుడు అమ్మమ్మ నోట విన్నది.

ఈ పిట్ట హిమాలయాల దిగువ కొండల్లోనూ మధ్య భారతంలోనూ గూడు కట్టుకుంటుంది. చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకీ వస్తుంది. ప్రయాణం రాత్రిపూట. దారిలో అలిసిపోతే ఊళ్లలో, మహానగరాల్లో ఇళ్ల తోటల్లో దిగుతుంది. ఒక్కోసారి ఇంట్లోకే వచ్చి పడుతుంది. తెల్లవారుతూ, పొద్దుగూకుతూ రెండు స్వరాల ఈల వేస్తుందని తమిళులు 'ఆరుమణి కురువి', అంటే ఆరుగంటల పిట్ట అంటారు.

పుస్తకం తీసి చూస్తే దీని శాస్త్రీయ నామం 'పిట్ట బ్రాకియూరా'. 1766లో లిన్నేయస్ దీన్ని కాకుల్లో కలిపి, పొట్టితోక కాకి అన్నాడు. 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాకుల్లోంచి విడదీసి 'పిట్ట' అని పేరు పెట్టాడు. అది మన తెలుగు మాటే. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఈ కుటుంబంలోని పక్షులన్నిటినీ ఇవాళ ప్రపంచం పిట్టలనే పిలుస్తోంది. తెలుగువాళ్లుగా గర్వపడవచ్చు. కానీ ఆడదానిగా నాకు మరో సంగతి తట్టింది. పేరు పెట్టినవాడు చరిత్రలో ఉన్నాడు. పేరు చెప్పినవాళ్లు లేరు.

1611లో ఇంగ్లీషు కంపెనీ మా బందరులో వర్తకస్థావరం పెట్టింది. ముప్పై ఏళ్లకు తీరంలో తన ప్రధాన మకాం మద్రాసుకు మార్చుకుంది. ఆ మద్రాసుకు 1801లో ఎలిజబెత్ గ్విలిం అనే ఆమె వచ్చింది. భర్త సుప్రీంకోర్టు జడ్జీ. ఆమె తెలుగు నేర్చుకుంది. నగరంలోని పక్షుల్ని ఈకకు ఈక పరిశీలించి రంగుల్లో వేసింది. 1807లో, నలభై నాలుగేళ్ల వయసులో, అక్కడే చనిపోయింది. పక్షి చిత్రాలకు లోకమంతా పేరు చెప్పుకునే ఆడుబాన్ తన బొమ్మలు అచ్చువేయడం మొదలుపెట్టింది 1827లో. గ్విలిం బొమ్మలు మాత్రం 1924లో కేసీ వుడ్ లండన్‌లో చూసి కొనేదాకా ఎవరికీ పట్టలేదు. ఆ 121 పక్షి చిత్రాలు ఇప్పుడు మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

ఆమెను మనలో ఒకతెగా వెంటనే కలిపేసుకోలేను. ఆమె పాలకుల ఇంటి మనిషి. పక్షుల్ని పట్టి తెచ్చినవాళ్లు ఈ నేల మనుషులు. తర్వాత నెల్లూరులో ఉన్న సైనిక వైద్యుడు జెర్డాన్ 1862-64 మధ్య భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో పక్షుల తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ఆ మాటల పక్కనా చెప్పినవాళ్ల పేర్లు లేవు. పేరు దక్కడంలో ఆడా మగా తేడా ఒక్కటే లేదు, కులమూ ఉంది, తెల్లతోలూ ఉంది.

మా అమ్మమ్మది దివిసీమలో నాగాయలంక వైపు. బడి ముఖం చూడలేదు. పొలానికి కూడు తీసుకెళ్తూ, గేదెల్ని తోలుకొస్తూ పిట్టల్ని చూసింది. ఏది ఎప్పుడొస్తుందో, ఏది వస్తే చలి మొదలో ఆమెకు తెలుసు. దాన్ని ఎవరూ శాస్త్రం అనలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది. అమ్మమ్మ బతికింది. ఆమెతో కలిసి నాట్లు వేసిన ఆడవాళ్లలో చాలామంది పోయారు. మనుషులతోపాటు ఎన్ని మాటలు కొట్టుకుపోయాయో ఏ నష్టపరిహారం జాబితాలోనూ ఎక్కలేదు.

పొన్నంగి పిట్టను చూశాక నేను బైనాక్యులర్స్ కొనుక్కున్నాను. ఒక వేకువన ఊరి చివర తుమ్మచెట్ల దగ్గర నిలబడితే, సైకిలు మీద వెళ్తున్న పెద్దాయన ఆగి, "ఎవరి కోసమమ్మా?" అని అడిగాడు. పిట్టల కోసమంటే నమ్మలేదు. ఆడది పని లేకుండా ఒకచోట నిలబడి చూడటం మన ఊళ్లలో ఇప్పటికీ అనుమానాస్పదమే. చీపురుతో నిలబడితే ఎవరూ అడగరు. ఆ పిట్ట రాత్రంతా ఒంటరిగా ఎగిరి వచ్చిందని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

ఇదంతా దాటుకుని పనిచేసిన ఆడవాళ్లూ ఉన్నారు. 1923లో బీహారులో పుట్టిన జమాల్ ఆరా పెద్ద చదువులేమీ లేకుండానే చోటానాగపూర్ పక్షుల మీద దశాబ్దాలపాటు రాసింది. పిల్లల కోసం ఆమె రాసిన 'వాచింగ్ బర్డ్స్'ను 1970లో నేషనల్ బుక్ ట్రస్ట్ వేసింది. తర్వాత ఆమె పేరు మరుగున పడింది. 2023లో వచ్చిన 'విమెన్ ఇన్ ద వైల్డ్' అనే సంకలనంలోని వ్యాసం ఆమెను మళ్లీ మన ముందుకు తెచ్చింది. ప్రతిసారీ ఇలా తవ్వి తీయాల్సి రావడమేనా మన చరిత్ర?

అమ్మ గుడివాడలో ఉంటుంది. మొన్న ఫోన్‌లో, వంటింటి కిటికీలోంచి ఏ పిట్టలు కనిపిస్తాయే అని అడిగాను. "నాకేం తెలుసే, కాకులూ పిచ్చుకలూ" అంది. కాసేపాగి, "చలికాలంలో మునగచెట్టు మీదికి పచ్చగా పసుపుముద్దలాంటిదొకటి వస్తుంది. వంగపండు అంటాం" అంది. అరవై ఏళ్లు ఆ కిటికీ దగ్గర నిలబడిన మనిషి.

నోటుపుస్తకం తీసి రాసుకున్నాను. వంగపండు, గుడివాడ, చలికాలం, మునగచెట్టు. దాని పక్కనే అమ్మ పేరు రాశాను.