ఏ హోదాలో రాశారు?

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో వానాకాలమంతా రెండు తరగతి గదులు కురుస్తుండేవి. ఆ సంగతి మీద ఒక దినపత్రికకు నాలుగు వాక్యాల ఉత్తరం రాశాను. కింద నా పేరు, ఊరి పేరు పెట్టాను. పది రోజులకు మెమో వచ్చింది. గదులు కురుస్తున్నది నిజమా, అబద్ధమా అన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. ఏ హోదాలో రాశారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసిందని మాత్రం ఉంది. ఇచ్చాను. సంగతి అంతటితో సద్దుమణిగింది. ఉద్యోగం పోలేదు కాబట్టి దీన్ని త్యాగంగా చెప్పుకునే అర్హత నాకు లేదు. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వాక్యానికి కర్త ఎవరని పిల్లల్ని రోజూ అడిగేవాణ్ణి. ఆ ప్రశ్న మీద ఒకరి జీతం ఆధారపడి ఉండవచ్చునని నాకు అప్పుడే తెలిసింది.

యాజమాన్యం పద్ధతులను తప్పుపట్టి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ల దావాల చరిత్రకు అమెరికా సుప్రీంకోర్టు తీర్పులు మంచి ఆకరం. భావప్రకటనా స్వేచ్ఛ గురించి బిగ్గరగా చెప్పుకునే ఆ రాజ్యం, తన కింద పనిచేసేవాడి నోటికి ఎంత చోటిచ్చిందో వాటిలో కనిపిస్తుంది. 1892లో మసాచుసెట్స్‌లో ఒక పోలీసు వేసిన దావాలో జస్టిస్ హోమ్స్ తేల్చిందేమిటంటే, రాజకీయాలు మాట్లాడే హక్కు అతనికి ఉంటే ఉండవచ్చు గాని పోలీసుగా ఉండే హక్కు మాత్రం లేదని. జీతం తీసుకున్నవాడు నోరు తాకట్టు పెట్టినట్టేనన్న ఈ సూత్రం చాలా దశాబ్దాలు చెల్లింది. మరో మాట కూడా ముందే చెప్పుకోవాలి. ఆ దేశ రాజ్యాంగపు మొదటి సవరణ ప్రభుత్వాన్నే కట్టడి చేస్తుంది, ప్రైవేటు యజమానిని కాదు. ఫ్యాక్టరీ కార్మికుడికి ఏదైనా ప్రత్యేక చట్టమో, యూనియన్ ఒప్పందమో ఉంటేనే దిక్కు. కనక ఇది ప్రభుత్వోద్యోగుల కథ. అందులో ముగ్గురు నా వృత్తివాళ్లే.

మొదటివాడు మార్విన్ పికరింగ్. ఇల్లినాయ్ రాష్ట్రం, విల్ కౌంటీలో హైస్కూలు ఉపాధ్యాయుడు. అక్కడ బడులను నడిపేది బోర్డు. కొత్త బడికి బాండ్లు అమ్మి అప్పు తేవాలన్నా, పన్ను పెంచాలన్నా ఓటర్లు ఒప్పుకోవాలి. 1961 ఫిబ్రవరిలో బోర్డు ప్రతిపాదన ఓడిపోయింది. అదే ఏడు డిసెంబరులో 55 లక్షల డాలర్ల ప్రతిపాదన నెగ్గి రెండు బడులు లేచాయి. 1964లో పన్ను పెంపు ప్రతిపాదన మేలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి ఓడిపోయింది. రెండోసారి ఓటింగుకు ముందు, పన్ను పెంచకపోతే పిల్లల చదువు దెబ్బతింటుందంటూ ఉపాధ్యాయ సంఘం పేరుతో స్థానిక పత్రికలో వ్యాసాలు వచ్చాయి. ఓటింగు ముగిశాక పికరింగ్ సంపాదకుడికి ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం తీర్పుకు అనుబంధంగా అచ్చయింది. లేఖాసాహిత్యం చదివే విద్యార్థులు దాన్నీ చూడాలని నా కోరిక. అందులో అలంకారం లేదు, లెక్కలున్నాయి, కోపం ఉంది. కొత్త బడిలో చాలా గదులకు తలుపులు లేవు; మొక్కలు పెంచే గదికి ఎండ రాదు; ప్రథమ చికిత్స గదిలో నీళ్లు లేవు. ఫుట్‌బాల్ మైదానంలో పచ్చిక పరచడానికి మాత్రం అప్పు డబ్బు దొరికింది, జీతాలకు దొరకలేదు. ఉపాధ్యాయులు పత్రికకు పంపే ఉత్తరాలకు సూపరింటెండెంటు అనుమతి కావలసి వచ్చిందనీ, బడిలో నడుస్తున్నది నిరంకుశత్వమనీ రాశాడు. చివర సంతకం దగ్గర ఒక పోటు పొడిచాడు. దీని మీద పౌరుడిగా, పన్ను కట్టేవాడిగా, ఓటరుగా సంతకం చేయవలసి వస్తోంది. ఉపాధ్యాయుడిగా చేయలేను, ఆ స్వేచ్ఛను పైవాళ్లు మా దగ్గర లాక్కున్నారు గనక, అన్నది దాని సారాంశం. ఇది వ్యంగ్యం. పాఠకులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

బోర్డు అతన్ని తీసేసింది. ఉత్తరం బడుల నిర్వహణకు హానికరమన్నది, అందులో అబద్ధాలున్నాయన్నది కారణాలు. కొన్ని అంకెలు నిజంగానే తప్పు. ఆటల మీది ఖర్చును అతను పెంచి రాశాడు. ఇల్లినాయ్ కోర్టులు బోర్డు పక్షాన నిలిచాయి. 1968 జూన్ 3న సుప్రీంకోర్టు వాటి తీర్పును కొట్టేసింది. రాసింది థర్‌గుడ్ మార్షల్, ఆ కోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి. బడి డబ్బు ఎటు పోతున్నదో బాగా తెలిసేది ఉపాధ్యాయుడికి. అతను భయం లేకుండా మాట్లాడలేకపోతే ఓటరుకు తెలిసేదెలా అన్నది ఆ తీర్పుకు ప్రాణం. తెలిసి తెలిసి, లేదా నిజానిజాలు ఏమాత్రం లెక్కచేయకుండా అబద్ధమాడితే తప్ప పొరపాటు అంకెలు ఉద్యోగం తీయడానికి కారణం కావంది. లెక్కలు బోర్డు దగ్గరే ఉన్నాయి, సరిదిద్దుకోవచ్చు. మంచి తీర్పే. కాని అదే తీర్పు ఒక త్రాసును కూడా వేలాడదీసింది. పౌరుడిగా ఉపాధ్యాయుడి ప్రయోజనం ఒక పళ్లెంలో, యజమానిగా ప్రభుత్వ ప్రయోజనం మరో పళ్లెంలో. ఆ తర్వాతి చరిత్ర అంతా త్రాసు ఎటు మొగ్గిందన్నదే.

రెండోవాడు ఒహాయోలోని మౌంట్ హెల్తీలో పనిచేసిన డాయిల్. ఒకప్పుడు ఉపాధ్యాయ సంఘానికి అధ్యక్షుడు. ఉపాధ్యాయుల వేషధారణ గురించి ప్రిన్సిపాల్ ఒక మెమో పంపాడు. మాస్టర్లు నీటుగా కనిపిస్తే బాండ్లకు ఓట్లు పడతాయని పైవాళ్ల నమ్మకమట! డాయిల్ ఆ సంగతి రేడియో స్టేషనుకు చెప్పాడు, వాళ్లు దాన్ని వార్తగా చదివారు. 1971లో అతని ఒప్పందం పొడిగించలేదు. కారణాలు రెండు చూపారు: రేడియోకు చెప్పడం, మాట వినని ఆడపిల్లలకు అసభ్యమైన సైగ చేయడం. రికార్డులో మరికొన్ని ఉన్నాయి. ఫలహారశాలలో స్పగెట్టి తక్కువ వడ్డించారని అక్కడి పనివాళ్లతో తగాదా పడ్డాడు. మన కథల్లో యాజమాన్యానికి ఎదురు తిరిగినవాడికి మచ్చ ఉండదు; ఇది మన రచనల్లో ఒక బలహీనతేనని నా అభిప్రాయం. వాస్తవంలో తరచుగా దొరికేది డాయిల్ లాంటివాడే. ఆడపిల్లల పట్ల అతని ప్రవర్తనను సమర్థించలేం, మెమో సంగతి చెప్పే హక్కు లేదనీ అనలేం. 1977లో సుప్రీంకోర్టు ఏమందంటే, రేడియో వ్యవహారం లేకపోయినా ఇతన్ని తీసేసేవాళ్లమని బోర్డు రుజువు చేయగలిగితే చాలని. తర్కానికి బాగానే ఉంది. కాని ఉద్యోగి ఫైలు ఎవరి బీరువాలో ఉంటుంది? నోరు మెదపనివాడి తప్పులు ఆ ఫైల్లోనే పడి ఉంటాయి. మాట్లాడినవాడివి మర్నాడే బయటికొస్తాయి.

బెస్సీ గివన్ మిసిసిపిలో ఇంగ్లీషు టీచరు, నల్లజాతి స్త్రీ. కోర్టు ఉత్తర్వుతో నల్ల, తెల్ల పిల్లల్ని కలిపి చదివిస్తున్న రోజులవి. నల్లవాళ్లకు ఊడ్చే తుడిచే పనులు కాక ఆఫీసులో రాతపని కూడా ఇవ్వాలని, ఫలహారశాలలో టికెట్లు తీసుకునే చోట వాళ్లను కూడా పెట్టాలని ఆమె అడిగింది. పత్రికకెక్కలేదు, ప్రిన్సిపాల్‌కే ముఖాముఖి చెప్పింది. 1971లో ఆమెను మళ్లీ తీసుకోలేదు. అవి చిల్లర కోరికలనీ, ఆమె గొంతు పెద్దదనీ, పొగరుబోతనీ ప్రిన్సిపాల్ వాదన. ఒక నల్లజాతి స్త్రీ అడిగినదాన్ని పక్కకు నెట్టి, అడిగిన తీరును ముద్దాయిగా నిలబెట్టడం మనకూ కొత్త కాదు. అప్పీలు కోర్టు మరీ విచిత్రంగా, ఆంతరంగికంగా చెప్పింది కనక ఆ మాటకు రక్షణ లేదంది. 1979 జనవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని తోసిపుచ్చింది. పై అధికారితో గదిలో మాట్లాడినంత మాత్రాన పౌరుడి హక్కు పోదని చెప్పింది.

అక్కడి నుంచి దారి వెనక్కి మళ్లింది. న్యూ ఆర్లీన్స్ జిల్లా అటార్నీ కార్యాలయంలో సహాయ న్యాయవాది షీలా మయర్స్. 1980లో తనకు ఇష్టం లేని బదిలీ వచ్చినప్పుడు, ఆమె ఒక ప్రశ్నావళి తయారుచేసి తోటివాళ్లకు పంచింది. బదిలీల పద్ధతి ఎలా ఉంది, పై అధికారుల మీద నమ్మకం ఉందా, ఫిర్యాదుల కమిటీ కావాలా, ఎన్నికల ప్రచారంలో పనిచేయమని ఒత్తిడి ఉందా అని. అదే రోజు ఆమెను తీసేశారు. 1983లో సుప్రీంకోర్టు 5–4తో అది సరేనంది. ఎన్నికల ఒత్తిడి గురించిన ప్రశ్న ఒక్కటే ప్రజలకు సంబంధించినదట, మిగిలినదంతా ఆమె సొంత గోడట. ఫిర్యాదుల కమిటీ కావాలా అని నలుగురిని అడగడం సొంత గోడు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. సంఘాలు పుట్టింది అలాంటి ప్రశ్నల నుంచే గదా!

2006 మే 30న, మళ్లీ 5–4తో, రిచర్డ్ సెబాయోస్ కేసు తేలింది. అతను లాస్ ఏంజెలెస్‌లో ప్రభుత్వ న్యాయవాది. ఒక సోదా వారంటు కోసం పోలీసు ఇచ్చిన ప్రమాణపత్రంలో వాస్తవ విరుద్ధమైన మాటలున్నాయని 2000లో పై అధికారులకు మెమో రాశాడు. తర్వాత తన పని మార్చారనీ, ప్రమోషన్ ఇవ్వలేదనీ అతని దావా. మెజారిటీ తీర్పు ప్రకారం, ఉద్యోగ విధిలో భాగంగా రాసినప్పుడు ఉద్యోగి పౌరుడిగా మాట్లాడటం లేదు, కనక మొదటి సవరణ రక్షణ లేదు. అదే సంగతి పత్రికకు రాసి ఉంటే వాదించడానికి కొంత చోటుండేది. అంటే మొదట పైవాడికి చెప్పిన క్రమశిక్షణ గల ఉద్యోగికి ఆ చోటు కూడా లేదు! గివన్ తీర్పును గుర్తుచేస్తూ జస్టిస్ స్టీవెన్స్ తన అసమ్మతిలో దీన్నే ఎత్తిచూపాడు.

పికరింగ్ సంతకాన్ని ఇప్పుడు చూడండి. ‘ఉపాధ్యాయుడిగా కాదు, పౌరుడిగా’ అన్నది 1964లో ఒక ఉద్యోగి కడుపుమంటతో రాసిన ఎత్తిపొడుపు. 42 ఏళ్లకు అదే మాట వ్యంగ్యం పోయి సూత్రమైంది. తనకు జరిగిన అన్యాయమని అతను చెప్పినదాన్ని న్యాయస్థానం న్యాయంగా నిర్వచించింది. తలుపుల్లేని గదులు అతనికి తెలిసింది ఓటరుగా కాదు, ఆ గదుల్లో పాఠం చెప్పేవాడిగా. కర్తను రెండుగా చీలిస్తే, తెలిసిన సగానికి నోరుండదు. నోరున్న సగానికి ఏమీ తెలియదు.

ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి కూడా 1964 నాటిదే. ప్రభుత్వ విధానాన్ని పత్రికల్లో విమర్శించకూడదని అది చెబుతుంది. మన రచయితల్లో ఎంతమంది ఉపాధ్యాయులు, గుమాస్తాలు కలం పేర్లతో రాశారో లెక్క తీయవలసిన అవసరం ఉంది. కలం పేరును మనం సాహిత్య సంప్రదాయంగానే చదివాం. అందులో సర్వీసు రిజిస్టరు భయం ఎంతో చదవలేదు. జాతీయ రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దూబే 2002లో ప్రధానికి రాసిన ఉత్తరంలో తన పేరు గోప్యంగా ఉంచమని వేడుకున్నాడు. ఉత్తరం పేరుతో సహా శాఖలు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. దోపిడీ దొంగల పని అని సి.బి.ఐ. తేల్చింది. ఆ మరణం తర్వాత రేగిన ఆందోళనతో కదిలి, చివరికి 2014లో వచ్చిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం, పేరు చెప్పని ఫిర్యాదు మీద చర్య ఉండదంటుంది.

నా సంజాయిషీ సంగతి చెప్పలేదు. ‘ఆ గదుల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయుడి హోదాలో’ అని మొదట రాశాను. తెల్లవారి లేచి, దాన్ని కొట్టేసి, ‘ఈ ఊరి పౌరుడి హోదాలో’ అని రాసి పంపాను. అప్పటికి పికరింగ్ పేరు కూడా నాకు తెలియదు.